రేవుకు ఆరు పేర్లు: ఎటిమాన్‌లైన్ వ్యుత్పత్తి నిఘంటువుపై సమీక్ష

ఓడరేవు నిర్మాణానికి సంబంధించిన ఒక పత్రాన్ని తెలుగు చేయవలసి వచ్చినప్పుడు మూడో పేజీలోనే నా పని ఆగిపోయింది. ఆ పేజీలో ఒకే పేరాలో కీ, వార్ఫ్, పియర్, జెట్టీ, డాక్, బెర్త్ అనే ఆరు మాటలు వచ్చాయి. నా దగ్గరున్న ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు తెరిచి చూస్తే ఆరింటికీ ఇంచుమించు ఒకే అర్థం ఉంది: రేవు, ఓడరేవు, ఓడలు ఆగే చోటు. ఆ అర్థాలను నమ్ముకుని అనువదిస్తే ఆ పేరా అంతా రేవులో రేవు, రేవు పక్కన రేవు అన్నట్టుగా తయారవుతుంది. చదివే ఇంజినీరుకు అందులో ఒక్క ముక్క కూడా పనికిరాదు. ఇన్ని మాటలు వేరువేరుగా పుట్టాయంటే వాటిని పుట్టించిన అవసరాలు కూడా వేరుగానే ఉండి ఉండాలని తోచి, మాటల పుట్టుక చెప్పే ఆన్‌లైన్ ఎటిమాలజీ డిక్షనరీని, అంటే అందరూ ఎటిమాన్‌లైన్ అని పిలిచే నిఘంటువును, మూడు వారాలపాటు దగ్గర పెట్టుకుని వాడాను. ఈ సమీక్ష ఆ మూడు వారాల అనుభవానికి, అందులోనూ రేవు మాటలకు మాత్రమే పరిమితం.

ముందుగా నిఘంటువు గురించి రెండు మాటలు చెప్పాలి. డగ్లస్ హార్పర్ అనే అమెరికన్ ఈ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో దీనిని మొదలుపెట్టి, పెద్ద పెద్ద వ్యుత్పత్తి నిఘంటువులు సంపుటాలకొద్దీ చెప్పిన విషయాన్ని ఒక్కొక్క మాటకు ఒకటి రెండు పేరాల్లోకి కుదించి అందించారు. చూసుకోవడానికి రుసుము లేదు. మాట టైపు చేస్తే అది మొదట రాతలో కనిపించిన కాలం, అది ఏ భాష నుంచి వచ్చింది, ఆ భాషలోకి మళ్లీ ఎక్కడి నుంచి వచ్చింది, దానికి చుట్టాలయ్యే మాటలేమిటి అన్న వరసలో వివరం కనిపిస్తుంది. ఇందులో కాలాన్ని చదివే పద్ధతి ఒకటి ముందే తెలుసుకోవడం మంచిది. అక్కడ ఇచ్చే సంవత్సరం మాట పుట్టిన సంవత్సరం కాదు, మనకు దొరికిన రాతల్లో అది తొలిసారి కనిపించిన సంవత్సరం. సరంగులూ కళాసీలూ వాడే మాటలు రాతకెక్కే ముందు ఎన్ని తరాలపాటు నోళ్లలో నానాయో ఎవరూ లెక్క కట్టలేరు కనుక, రేవు మాటల విషయంలో ఈ సంగతిని మరీ గుర్తుంచుకోవాలి.

నేను మొదట పరీక్షకు పెట్టిన మాట క్యూ, యు, ఏ, వై అని నాలుగు అక్షరాలతో రాసి ‘కీ’ అని పలికే మాట. అక్షరాలను బట్టి చాలామంది దీనిని తెలుగులో ‘క్వే’ అని రాస్తున్నారు, నేనూ చాలాకాలం అలాగే చదివాను. ఈ రాతకూ పలుకుకూ మధ్య ఇంత దూరం ఎందుకు వచ్చిందన్నది నా తొలి ప్రశ్న. నిఘంటువు చెప్పిన సమాధానం స్పష్టంగా ఉంది. 1300 ప్రాంతంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు ఈ మాటను పలికినట్టే, తాళంచెవి అనే అర్థమున్న మాటలాగే రాసేవారు. 17వ శతాబ్దం చివర్లో ఫ్రెంచి వారి రాతను చూసి ఇంగ్లీషు వారు తమ అక్షరాలు మార్చుకున్నారు. నోరు మాత్రం పాత దారిలోనే ఉండిపోయింది. నాలుగు వాక్యాల్లో ఇంత పాత చిక్కుముడిని విప్పినందుకే ఈ నిఘంటువు మీద నాకు గౌరవం కలిగింది.

అయితే అసలు సంగతి ఆ తరువాతి వాక్యంలో ఉంది. ఫ్రెంచి భాషకు ఆ మాట గాలిష్ నుంచి వచ్చింది. గాలిష్ అంటే రోమన్లు రాకముందు, వచ్చిన తరువాత కూడా కొంతకాలం, నేటి ఫ్రాన్సు నేల మీద మాట్లాడిన కెల్టిక్ భాష. ఆ కెల్టిక్ మూలానికి చుట్టి కట్టడం, ఆవరించడం అని అర్థం. అదే మూలం నుంచి వేల్స్ ప్రజల భాషలో ‘కై’ అనే మాట వచ్చింది, దానికి కంచె అనీ, కంచె వేసిన పొలమనీ అర్థం. కార్నిష్ భాషలోనూ దాని చుట్టం కంచె అనే అర్థంతోనే ఉంది. ఇంకా లోతుకు వెళితే ఇంగ్లీషులో పొదల కంచెను సూచించే ‘హెడ్జ్’ కూడా ఆ కుదురులోదేనని, ఆ కుదురుకు పట్టుకోవడం, పుల్లలతో అల్లిన దడి అనే అర్థాలు ఉన్నాయని నిఘంటువు చెబుతుంది. అంటే వేల టన్నుల ఓడలను ఆనించి కట్టే ఆ రాతి గోడ పేరు వెనక ఉన్నది ఒక దడి.

దడి అనే తెలుగు మాట తెలిసినవారికి ఈ వ్యుత్పత్తి ఇట్టే అర్థమవుతుంది. నీటి అంచున నేల ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. పడవను ఒడ్డుకు ఆనించి మూట దింపబోతే కాలు బురదలో దిగబడుతుంది, పడవ అడుగు రాసుకుని ఒడ్డు కోసుకుపోతుంది. దానికి మనిషి కనిపెట్టిన తొలి ఉపాయం అంచు వెంబడి గుంజలు పాతి, వాటి మధ్య కొమ్మలు అల్లి, వెనకవైపు మట్టి నింపి తొక్కి గట్టి చేయడం. ముందు నీరు, మధ్యలో దడి, వెనక గట్టి నేల: ఈ మూడూ కుదిరిన రోజున ఒడ్డు కాస్తా సరుకు దింపుకునే గట్టుగా మారుతుంది. రోమన్ల కాలపు లండన్‌లో థేమ్స్ నది ఒడ్డున ఓక్ దూలాలను ఒకదాని మీద ఒకటి పేర్చి, వెనక మట్టి నింపి కట్టిన గట్టులు తవ్వకాల్లో బయటపడ్డాయి. కొమ్మల స్థానంలో దూలాలు వచ్చాయే గాని పద్ధతి అదే. నా చేతిలోని పత్రంలో ఉన్న పద్ధతి కూడా దానికి దూరమేమీ కాదు. ఉక్కు పలకలను ఒకదాని అంచు మరొకదాని అంచులో ఇమిడేలా వరసగా నేలలోకి దించుతారు, వాటిని షీట్ పైల్స్ అంటారు. వాటి వెనక ఇసుక నింపి, లోపలి నేలలో పాతిన దిమ్మెలకు ఉక్కు కడ్డీలతో బిగించి, పైన కాంక్రీటు పోస్తారు. ఇది కూడా ఉక్కుతో కట్టిన దడే. మాట పుట్టుక చదివిన తరువాత ఆ పత్రంలోని నిర్మాణ చిత్రాన్ని మళ్లీ చూస్తే, అంతకుముందు గీతల గుంపులా కనిపించినది నాకు మొదటిసారి ఒక ఆకారంగా కనిపించింది.

ఈ ఒక్క మాట దగ్గరే మూడు ‘కీ’లు కలగాపులగం అయ్యే ప్రమాదం ఉంది. మొదటిది తాళంచెవి, అది పాత ఇంగ్లీషు సొంత మాట. రెండోది ఇప్పుడు చెప్పుకున్న గట్టు. మూడోది అమెరికాలోని ఫ్లారిడా కొసన ఉన్న చిన్న చిన్న దీవుల పేర్లలో కనిపించే ‘కీ’. కీ వెస్ట్ అనే ఊరి పేరు అందరూ వినే ఉంటారు. అక్కడి ‘కీ’ స్పానిష్ వారి ‘కాయో’ నుంచి వచ్చింది. ఆ మాటను స్పానిష్ వారు కరీబియన్ దీవుల్లోని తాయినో ప్రజల భాష నుంచి తీసుకున్నారు, దానికి చిన్న లోతట్టు దీవి అని అర్థం. ఆ ఊరి స్పానిష్ పేరు ‘కాయో వేసో’, అంటే ఎముకల దీవి. అందులోని ‘వేసో’ను ఇంగ్లీషు వారు ‘వెస్ట్’గా విన్నారు. ఎటిమాన్‌లైన్ ఈ మూడింటినీ వేరువేరు పద్దులుగా ఉంచి కలపకుండా జాగ్రత్త పడింది. ఒకే శబ్దం ఉన్నంత మాత్రాన ఒకే పుట్టుక అంటగట్టకపోవడం వ్యుత్పత్తి శాస్త్రంలో మొదటి పాఠం, మనలో చాలామంది తప్పేది కూడా అక్కడే.

ఫ్రెంచి వారి నోట ఈ మాట ఇంకాస్త విస్తరించింది. పారిస్‌లో సెన్ నది వెంబడి ఉన్న గట్టు వీధులన్నిటికీ అదే పేరు. వాటిలో ఒకటైన ‘కే దోర్సే’ మీద విదేశాంగ శాఖ కార్యాలయం ఉండడం వల్ల ఆ వీధి పేరే ఆ శాఖకు మారుపేరైంది. రైలు ప్లాట్‌ఫాంను కూడా వారు ఆ మాటతోనే పిలుస్తారు. ఆలోచిస్తే అది సహజమే అనిపిస్తుంది, ఎందుకంటే ఓడకైనా రైలుకైనా మనిషి ఎక్కి దిగేందుకు పక్కనే, అదే ఎత్తులో, పొడవునా సాగే గట్టు కావాలి. ఇదంతా చదివాక నా పత్రంలో ఈ మాటకు ‘రేవుగట్టు’ అని రాయాలని నిశ్చయించుకున్నాను.

రెండో మాట వార్ఫ్. దీని మీద ఇంటర్నెట్‌లో తిరిగే ఒక కథ ఉంది. నది ఒడ్డున ఉన్న గిడ్డంగి అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపితే ఈ మాట వచ్చిందట. వినడానికి చక్కగా ఉన్న కథ, ఓడరేవులు చూపించే గైడ్లు ఎంతో నమ్మకంతో చెప్పే కథ, పూర్తిగా తప్పు కథ. దీనిని కొట్టివేయడానికి నిఘంటువు ఇచ్చే కాలం ఒక్కటే చాలు. ఈ మాట పాత ఇంగ్లీషులోనే, అంటే సుమారు 1100కు ముందే ఉంది. మొదటి అక్షరాలు కలిపి మాటలు తయారు చేసే అలవాటు 20వ శతాబ్దానికి ముందు దాదాపు లేనే లేదు. పాత ఇంగ్లీషులో దీనికి ఓడలను ఆనించి కట్టివేసే ఒడ్డు అని అర్థం, అంతకుముందు కరకట్ట అని అర్థం. జర్మన్ భాషలో దీని చుట్టం ‘వెర్ఫ్ట్’, దానికి ఓడలు తయారు చేసే చోటని అర్థం. తిరగడం అనే క్రియతో దీనికి సంబంధం ఉందని చెబుతూ, ఆ సంబంధం ఎలా కుదిరిందో చెప్పే చోట నిఘంటువు ‘బహుశా’ అనే మాట వాడింది. ఆ ‘బహుశా’ నాకు ఎంతో విలువైనదిగా కనిపించింది. రుజువు ఉన్నంతవరకే గట్టిగా చెప్పి, అది అయిపోయిన చోట గొంతు తగ్గించడం ఈ నిఘంటువులో మొదటి నుంచి చివరిదాకా కనిపించే గుణం.

వార్ఫ్ పేరుతో ప్రపంచమంతా ఎరిగిన చోటు లండన్‌లోని కెనరీ వార్ఫ్. 1930లలో కెనరీ దీవుల నుంచి పండ్లు తెచ్చే ఓడలు అక్కడ ఆగేవి కనుక ఆ పేరు పడింది. ఆ దీవుల లాటిన్ పేరులో కుక్క అనే అర్థమున్న మాట ఉంది, కెనరీ వార్ఫ్ ఉన్న ప్రాంతం పేరేమో ‘ఐల్ ఆఫ్ డాగ్స్’, అంటే కుక్కల దీవి. ఇది కేవలం యాదృచ్ఛికం. ఇలాంటి యాదృచ్ఛికాల నుంచే రేపటి తప్పుడు వ్యుత్పత్తులు పుడతాయి కనుక దీనిని ఇక్కడ ప్రస్తావించాను.

డాక్ దగ్గరికి వచ్చేసరికి నిఘంటువు మరింత జాగ్రత్త పడింది. 15వ శతాబ్దంలో డచ్చి ప్రాంతపు సరంగుల నోటి నుంచి ఈ మాట ఇంగ్లీషులోకి వచ్చింది. దాని తొలి అర్థం పోటు తగ్గినప్పుడు బురద మీద కూర్చుండిపోయిన ఓడ తన అడుగుతో చేసుకున్న పల్లం కావచ్చునని అంటూ, అంతకు వెనక లాటిన్ మూలమా, స్కాండినేవియా మూలమా అన్న రెండు దారులనూ చూపి వదిలేసింది. ఈ తొలి అర్థం నిజమైతే డాక్ అనే మాట మొదట కట్టడానికి కాక గుంటకు పేరైంది. నా అనువాదానికి ఎక్కువగా ఉపయోగపడిన ముక్క ఇదే. బ్రిటిష్ వాడుకలో ఇప్పటికీ డాక్ అంటే చుట్టూ గోడలున్న నీటి మడుగు, అమెరికన్ వాడుకలో మనుషులు నడిచే వేదిక. ‘ఓడ డాక్‌లో ఉంది’, ‘అతను డాక్ మీద నిలబడ్డాడు’ అనే రెండు వాక్యాల్లో ఒకే మాట ఒకచోట నీరు, ఇంకోచోట నేల. నా పత్రం రాసినవారు బ్రిటిష్ పద్ధతిలో రాశారని అర్థమయ్యాక, అప్పటికే ‘వేదిక’ అని రాసిన చోట్లన్నీ వెనక్కి వెళ్లి దిద్దుకున్నాను.

ఆ నీటి మడుగు అవసరం ఎందుకు వచ్చిందో తెలియాలంటే లివర్‌పూల్ చరిత్ర చూడాలి. అక్కడ పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టం దాదాపు పది మీటర్ల వరకు మారుతుంది. పొద్దున గట్టుకు సమానంగా ఉన్న ఓడ మధ్యాహ్నానికి లోతైన గోతిలోకి దిగిపోతే సరుకు ఎక్కించడం, దింపడం ఎలా? థామస్ స్టీర్స్ అనే ఇంజినీరు కట్టిన డాక్ 1715లో అక్కడ తెరుచుకుంది. పోటు సమయంలో నీటిని లోపలికి రానిచ్చి, తలుపులు మూసి, ఓడలను ఒకే ఎత్తులో తేల్చి ఉంచే ఏర్పాటు అది. వాణిజ్య ఓడల కోసం తలుపులతో మూసి కట్టిన డాకుల్లో అదే మొదటిదిగా పేరుపడింది. వ్యుత్పత్తి నిఘంటువు నుంచి ఈ చరిత్రను ఆశించకూడదు, నేనూ ఆశించలేదు. కాని ‘పల్లం’ అనే తొలి అర్థాన్ని అది చేతికి అందించకపోతే ఈ చరిత్ర వైపు నా చూపు పోయేది కాదు.

కోర్టులో ముద్దాయి నిలబడే చోటును కూడా ఇంగ్లీషులో డాక్ అంటారు. అది ఫ్లెమిష్ భాషలో జంతువులను ఉంచే బోనుకు పేరైన వేరే మాట. మనం కూడా దానిని బోను అనే అంటాం కనుక ఆ అర్థం తెలుగువారికి విడమరచి చెప్పనక్కరలేదు. ఓడల డాక్ మాత్రం ఆకాశానికి కూడా ఎక్కింది. 1966 మార్చి 16న నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, డేవిడ్ స్కాట్ జెమిని 8 నౌకను అజీనా అనే మరో వాహనానికి కలిపినప్పుడు, 2025 జనవరి 16న ఇస్రో స్పేడెక్స్ ఉపగ్రహాలు రెండూ ఒకటైనప్పుడు, వార్తల్లో వాడిన మాట డాకింగే.

పియర్ గురించి నిఘంటువు ఎక్కువ చెప్పలేదు, చెప్పడానికి ఎక్కువ లేదు కూడా. మొదటి అర్థం వంతెన స్తంభం, ఓడలు ఆగే కట్టడం అన్న అర్థం 15వ శతాబ్దంలో చేరింది, దాని మూలం తెలియదని రాశారు. వంతెనకైనా రేవుకైనా నీటిలో నిలిపిన స్తంభాలే ఆధారం కాబట్టి అర్థం ఎలా జరిగిందో ఊహించుకోవచ్చు. జెట్టీ అంతకంటే తేటగా ఉంది. విసరడం అనే అర్థమున్న ఫ్రెంచి క్రియ నుంచి వచ్చిన మాట ఇది, ఒడ్డు నుంచి నీటిలోకి విసిరినట్టుగా ముందుకు చొచ్చుకుపోయే కట్టడం. పాత ఇళ్లలో గోడ దాటి వీధి మీదికి పొడుచుకు వచ్చే పై అంతస్తు భాగానికి కూడా ఇంగ్లీషులో ఈ పేరుంది. ఈ రెండు మాటల పుట్టుకలనూ, గట్టు పుట్టుకనూ పక్కపక్కన పెడితే నాకు కావలసిన తేడా దానంతట అదే తేలింది. గట్టు ఒడ్డు వెంబడి సాగుతుంది, జెట్టీ, పియర్ ఒడ్డును వదిలి నీటిలోకి సాగుతాయి, వాటిలో పియర్ స్తంభాల సంగతి గుర్తు చేస్తుంది.

నాకు అన్నింటికంటే ఇష్టమైన పద్దు బెర్త్. రైలెక్కిన ప్రతివారికీ తెలిసిన ఈ మాటను మన పత్రికలు మంత్రివర్గం దాకా తీసుకుపోయాయి, విస్తరణ వార్త వచ్చినప్పుడల్లా ఎవరికి బెర్తు దక్కిందన్న చర్చ తప్పదు. దీని తొలి అర్థం మాత్రం పడుకునే పలకా కాదు, పదవీ కాదు. 17వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో సరంగులు దీనిని ఓడ చుట్టూ ఉండవలసిన ఖాళీ నీరు అనే అర్థంలో వాడారు. లంగరు వేసిన ఓడ ఒక చోట నిలకడగా ఉండదు. గాలి మారితే, పోటు తిరిగితే, లంగరు గొలుసు చివర కట్టిన ఆ ఓడ గుంజకు కట్టిన ఆవులా వలయంలో తిరుగుతుంది. ఆ వలయమంతా దాని హక్కు, మరో ఓడ అందులోకి వస్తే రెండూ ఢీకొంటాయి. ఎవరికైనా దూరంగా మసలుకోవడాన్ని ఇంగ్లీషులో ‘వైడ్ బెర్త్ ఇవ్వడం’ అనడం ఆ పాత అర్థం నుంచే వచ్చింది. ఖాళీ నీరు తరువాత ఓడ ఆగే చోటైంది, ఆ తరువాత ఓడలో పెట్టెలు ఉంచుకునే చోటైంది, 18వ శతాబ్దంలో కొలువైంది, అదే శతాబ్దం చివరికి మనిషి పడుకునే చోటైంది. ఈ మెట్లన్నిటికీ నిఘంటువు విడివిడిగా కాలాలు ఇచ్చింది. అసలు మూలం అనిశ్చితమని, ‘మోయు, భరించు, దిశ పట్టు’ అనే అర్థాలున్న ఇంగ్లీషు క్రియ నుంచి వచ్చి ఉండవచ్చని మాత్రం చెప్పింది.

లింకులు పట్టుకుని తిరిగేవారికి దొరికే చిన్న కానుకలు ఇందులో చాలా ఉన్నాయి. అవకాశం అనే అర్థమున్న ‘ఆపర్చ్యూనిటీ’ పొట్టలో ‘పోర్ట్’ ఉంది. లాటిన్‌లో అది ఓడను రేవు వైపు నెట్టే అనుకూలమైన గాలిని చెప్పిన మాట. గట్టెక్కడం, ఒడ్డున పడడం అని మనం రోజూ అనుకునేవాళ్లం కనుక రోమన్ల ఈ ఊహ మనకు కొత్తగా అనిపించదు. ‘హార్బర్’ మొదట సైన్యం విడిది చేసే చోటు, ఓడలు అందులోకి తరువాత వచ్చాయి. ‘పోర్ట్’కు, నదిని నడిచి దాటే చోటును చెప్పే ‘ఫోర్డ్’కు ఒకటే మూలమని చదివినప్పుడు నేను కాసేపు ఆగిపోయాను. తెలుగులో రేవు అంటే ఓడలు ఆగే చోటే కాదు, ఏరు దాటే చోటూ రేవే, బట్టలుతికే చోటూ రేవే. నిఘంటువులో రెండుగా విడిపోయిన అర్థాలు మన మాటలో ఇంకా కలిసే ఉన్నాయి. మరీనా అనే మాట కూడా ఇలా మారినదే. మొదట అది సముద్రపు ఒడ్డున షికారు చేసే బాట. గవర్నర్ గ్రాంట్ డఫ్ 1880లలో మద్రాసు తీరానికి ఆ పేరు పెట్టింది ఈ అర్థంలోనే. వినోద నౌకలను కట్టి ఉంచే చోటు అనే అర్థం 20వ శతాబ్దంలో అమెరికాలో వచ్చింది, కాబట్టి చెన్నై మరీనాలో పడవల రేవు కోసం వెతకనక్కరలేదు.

ఇక లోటుపాట్లు చెప్పాలి. ఇది పుట్టుక చెప్పే నిఘంటువే గాని వాడుక చెప్పే నిఘంటువు కాదు. ఏ కట్టడాన్ని ఇంజినీర్లు ఈనాడు ఏ పేరుతో పిలుస్తారన్నది ఇందులో దొరకదు. పుట్టుకల నుంచి నేను తేల్చుకున్న తేడాలను ఓడరేవు నిర్మాణ గ్రంథాలతో సరిచూసుకోవలసి వచ్చింది. పాత రాతల్లోంచి ఉదాహరణ వాక్యాలు కూడా కొన్ని పద్దుల్లోనే ఉన్నాయి. 1620లలో సరంగు బెర్త్ అనే మాటను ఏ వాక్యంలో వాడాడో చూడాలనిపిస్తే ఆక్స్‌ఫర్డ్ వంటి పెద్ద నిఘంటువు దగ్గరికి వెళ్లక తప్పదు. నక్షత్రం గుర్తు పెట్టిన రూపాలు ఎక్కడా రాతలో దొరకనివి, పండితులు పోల్చి చూసి ఊహించి కట్టినవి. ఈ సంగతి తెలియని కొత్త పాఠకుడు వాటిని నిజంగా దొరికిన మాటలుగా పొరబడే ప్రమాదం ఉంది.

ఇంగ్లీషు మాటల నిఘంటువు కనుక దీని చూపు సహజంగానే యూరప్ వైపు ఎక్కువ. రేవు మాటల చరిత్ర మాత్రం హిందూ మహాసముద్రం లేకుండా పూర్తి కాదు. పారసీకంలో ‘బందర్’ అంటే ఓడరేవు. ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ నుంచి బ్రూనై రాజధాని బందర్ సెరి బెగవాన్ దాకా ఓడలతో పాటు ప్రయాణం చేసిన ఈ మాట, మచిలీపట్నాన్ని మనం పిలుచుకునే బందరు అనే పేరులో నిలిచిపోయింది. లంగరు కూడా పారసీకమే. కట్ట అనే అర్థమున్న పారసీకపు ‘బంద్’ హిందుస్తానీ మీదుగా వెళ్లి షాంఘై నగరంలో నది ఒడ్డు వీధికి ‘బండ్’ అనే పేరైంది. ఇక గట్టు మీద దింపిన సరుకు దాచే గోడౌన్ సంగతి తెలుగువారు తప్పక తెలుసుకోవాలి. మలయ్ భాషలోని ‘గుదాంగ్’ ద్వారా ఇంగ్లీషులోకి చేరిన ఈ మాట వెనక తెలుగు గిడ్డంగి, తమిళ కిడంగు ఉన్నాయని భారతదేశంలోని ఇంగ్లీషు వారి వాడుక మాటలపై 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ కోశం రాసింది. తమిళంలో ‘కిడ’ అంటే పడి ఉండడం, అంటే సరుకు పడి ఉండే చోటు. ఇంగ్లీషు వ్యుత్పత్తులకు ఎటిమాన్‌లైన్‌ను, తూర్పు సముద్రపు మాటలకు ఆ పాత కోశాన్ని పక్కపక్కన పెట్టుకుంటేనే నా పని సాగింది.

అనువాదకులకు, భాషా ఉపాధ్యాయులకు, పత్రికల్లో పనిచేసేవారికి ఈ నిఘంటువును గట్టిగా సిఫారసు చేస్తాను. ఒక మాటకు అర్థం మాత్రమే కావలసినవారికి ఇది అవసరం లేదు, మామూలు నిఘంటువు చాలు. మొబైల్ తెర మీద చదివేవారు ఒక లింకు నుంచి ఇంకో లింకుకు వెళ్తూ మొదలుపెట్టిన మాటను మరిచిపోకుండా చూసుకోవాలి, నేను కంచె దగ్గర మొదలై సైన్యపు విడిది దాకా పోయిన రోజులున్నాయి.

నా పత్రంలోని ఆ మూడో పేజీ చివరికి ఇలా కుదిరింది: కీ, వార్ఫ్ రెండింటికీ రేవుగట్టు అని రాసి, వార్ఫ్ వచ్చిన చోట గిడ్డంగులు కూడా ఉంటే ఆ సంగతి చేర్చాను. జెట్టీని జెట్టీగానే ఉంచాను, చేపల వేటకు వెళ్లేవారంతా ఎప్పటినుంచో వాడుతున్న మాటను మార్చే హక్కు నాకు లేదు. పియర్‌కు స్తంభాల జెట్టీ అన్నాను. డాక్‌ను తెలుగు చేయకుండా, మొదటిసారి వచ్చిన చోట తలుపులున్న నీటి మడుగు అని ఒక వివరణ ఇచ్చాను. బెర్త్‌ను బెర్తుగానే వదిలేశాను. ఇప్పుడు ఆ పేరాలో ఓడ తలుపులు దాటి డాక్‌లోకి వస్తుంది, రేవుగట్టు పక్కన తనకు కేటాయించిన బెర్తులో ఆగుతుంది, సరుకు గిడ్డంగికి చేరుతుంది.